గెనిమ మీది మొక్కను గెనిమ మీదే ఉండనిద్దాం



మా సంఘంలో పది మందిమి. మెట్ట చేన్లలో చెనక్కాయ, కంది, ఆముదం వేస్తాము. కొందరం బోరు కింద మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపి గూళ్లు హిందూపురం మార్కెట్టుకు తోలుతాము.

మాకు బుద్ధి చెప్పింది నష్టమే. ఒకసారి పక్క చేన్లో పురుగుమందు కొట్టినారు. గాలి మా తోట మీదికి తిరిగింది. ఆ ఆకు తిని, నాలుగో జ్వరం దాటిన పురుగులన్నీ చచ్చిపోయినాయి. సంఘంలో తీసుకున్న అప్పు మాత్రం అట్లే నిలబడింది. అందరం తలా కొంచెం వేసి కంతులు కట్టినాము.

అప్పుడు అనుకున్నాము, మన పురుగు చస్తే ఏడుస్తున్నామే, గెనిమ మీది పురుగు సంగతేంది అని. తంగేడు, జిల్లేడు, రేగు, ఒక్కో మొక్క మీద ఒక్కో రకం సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. నల్ల రెక్కలకు ఎర్ర చుక్కలు, ఎర్రటి ఒళ్లు ఉండేది ఒకటుంది. దాని పిల్లపురుగుకు గాడిదగడపాకు, ఆ జాతి తీగలే కూడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఇచ్చిన వాటిలో అదీ ఒకటిగా ఉండేది. గడ్డిమందుకు ఆ మొక్క పోతే అదీ పోతుంది.

మరి చెనక్కాయను తినే ఎర్ర గొంగళి పురుగో? అది రాత్రి తిరిగే రెక్కల పురుగు పిల్ల. తొలకరి వాన పడిన రాత్రులు మంటలు పెడితే రెక్కల పురుగులు వచ్చి పడతాయి. పాకే వాటికి జిల్లేడు కొమ్మలు ఎర వేసి ఏరేస్తాము. దానికోసం గెనిమంతా కాల్చే పని లేదు.

"పొదలుంటే పాములు, ఎలుకలు రావా?" అని మాలో ఒక పెద్దమ్మ అడిగింది. నిజమే. అందుకే నడిచే గెనిమ చెక్కుతాము, వాలు పక్క గెనిమ వదులుతాము. పశువులకు గడ్డి కొడవలితో కోస్తాము. చేన్లో మొలిచిన గాడిదగడపాకు పీకుతాము, గెనిమ మీదిది ముట్టము. వేప కషాయం కూడా గెనిమ మీద చల్లము, అదీ పురుగును చంపేదే కదా. మందు కొట్టేవాళ్లు ముందురోజే చెప్పాలని తీర్మానం రాసుకున్నాము.

దీంతో దిగుబడి పెరిగిందని మేము చెప్పము. పక్క రైతులందరూ ఇంకా ఒప్పుకోలేదు కూడా. గాలికి గెనిమ అడ్డం కాదు, ఒక్క సంఘంతో ఇది నిలవదు. మీ తీర్మానాల పుస్తకంలో కూడా ఈ మాట రాయించండక్కా అని అడుగుతూ సెలవు తీసుకుంటున్నాము.