ఒకే ఇల్లు, ఒకే క్రిమి, వేర్వేరు వయసులు

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతకు చేసిన ప్రసంగ పాఠం)



పాట గురించి, పండుగ గురించి చెప్పడానికి మాకన్నా తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. మేము హాస్టల్ వార్డెన్లం. పిల్లల అన్నం, నిద్ర, జ్వరం చూసుకోవడం మా పని. కాబట్టి మాకు తెలిసిన సంగతే మాట్లాడతాం. అది క్షయ, అంటే టీబీ. ఒకే ఇంట్లో అందరూ ఒకే గాలి పీలుస్తారు కదా, మరి ఒకరు చనిపోయి ఒకరికి ఏమీ కాకపోవడం ఎందుకు? చాలామంది దీనికి తలరాత అంటారు. కాదు. అందులో వయసు పాత్ర ఉంది, ఆడా మగా తేడా ఉంది, మన అలవాట్ల పాత్ర కూడా ఉంది.

కొన్నేళ్ల క్రితం మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పాప ఒకతె ఉండేది. జూన్‌లో 38 కిలోలు, నవంబరులో 34. ఆ అంకెలు బరువుల రిజిస్టరులో మా చేత్తోనే రాశాం. రాశాం గానీ చదవలేదు. దగ్గుతుంటే చలికాలం దగ్గు అనుకుని సిరప్ ఇచ్చాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి పంపాం. ఆ ఇంట్లో తండ్రి అప్పటికే కొన్ని నెలలుగా దగ్గుతున్నాడు. కొండ కింద క్వారీ పనికి పోయి వచ్చేవాడు. చుట్ట దగ్గని ఎవరూ పట్టించుకోలేదు. ఆ సెలవుల్లోనే పద్నాలుగు నెలల తమ్ముడికి జ్వరం వచ్చింది, మగతలో పడ్డాడు, ఫిట్స్ వచ్చాయి. డోలీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. టీబీ మెదడుకు పాకిందన్నారు. నాలుగో రోజున బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే తండ్రికీ, మా పాపకూ టీబీ తేలింది. అదే చాప మీద పడుకున్న ఎనిమిదేళ్ల తమ్ముడికి ఏమీ లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనక ముందు, మందులు లేని కాలంలో వైద్యులు క్రిమి సోకిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించి రాసిపెట్టారు. ఏడాది లోపు బిడ్డకు క్రిమి సోకితే ఇద్దరిలో ఒకరికి జబ్బు వచ్చేది. మెదడుకూ ఒళ్లంతా పాకే రకం కూడా మిగతా వయసుల కన్నా ఈ వయసులోనే ఎక్కువ. ఏడాది, రెండేళ్ల మధ్య నలుగురైదుగురిలో ఒకరికి వచ్చేది. ఐదు నుంచి పదేళ్ల మధ్య మాత్రం నూటికి ఇద్దరికే. అందుకే ఎనిమిదేళ్ల తమ్ముడు నిలబడ్డాడు. పదేళ్లు దాటాక మళ్లీ నూటికి పది నుంచి ఇరవై మందికి వచ్చేది. అంటే మీరు హాస్టల్లో చేరే వయసులోనే ఆ రక్షణ పోతుంది.

పసిబిడ్డకు పుట్టగానే వేసే బీసీజీ టీకా ముఖ్యంగా ఆ మెదడు టీబీ నుంచే కాపాడుతుంది. ఆ బిడ్డ ఇంట్లో పుట్టాడు, టీకా పడలేదు.

ఇక ఆడా మగా సంగతి. చిన్న పిల్లల్లో ఈ తేడా పెద్దగా కనిపించదు. యుక్తవయసు వచ్చాకే మొదలవుతుంది. వందేళ్ల కిందట ఐరోపాలో పదిహేను నుంచి ముప్పై ఏళ్ల లోపు వయసులో టీబీతో అబ్బాయిల కన్నా అమ్మాయిలే ఎక్కువగా చనిపోయేవారు. ఆ వయసు దాటాక మగవాళ్లు ఎక్కువ. ఇప్పుడు మొత్తం మీద మగవాళ్లే ఎక్కువ. 2023లో ప్రపంచంలో టీబీ వచ్చిన కోటీ ఎనిమిది లక్షల మందిలో నూటికి 55 మంది మగవాళ్లు, 33 మంది ఆడవాళ్లు, 12 మంది పిల్లలు. పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. జబ్బు పడ్డవారిలో పిల్లల వాటా కన్నా చనిపోయినవారిలో వాళ్ల వాటా పెద్దది, ఎందుకంటే పిల్లల్లో జబ్బును గుర్తించడం, మందు మొదలుపెట్టడం వెనకబడుతోంది.

మగవాళ్లకు ఎందుకు ఎక్కువ? శరీరతత్వం కొంత కారణం కావచ్చు. కానీ చుట్ట, సారా, క్వారీ దుమ్ము, ఆసుపత్రికి ఆలస్యంగా పోవడం, మందు మధ్యలో మానేయడం మన కళ్ల ముందే ఉన్నాయి. ఆ తండ్రి రెండు నెలలు మందు మింగాడు. ఒంట్లో బాగుందని మానేసి మళ్లీ పనికి పోయాడు. మరుసటి ఏడాది పోయాడు. తమ్ముళ్లూ, మగతనం అంటే దగ్గును లెక్కచేయకపోవడం కాదు.

చెల్లెళ్లూ, మీ కష్టం వేరు. మా పాప మూడు నెలలు దగ్గును దుప్పటిలో దాచుకుంది. టీబీ అని తెలిస్తే పెళ్లి కాదని ఎవరో చెప్పారట. ప్రసవం తర్వాతి నెలల్లో కూడా ఈ జబ్బు బయటపడే ప్రమాదం పెరుగుతుంది. బాలింత నీరసం అనుకుని వదిలేస్తాం. తాతకు, అవ్వకు దగ్గు వస్తే ముసలితనం అంటాం. ఇలా ఒక్కో వయసుకు ఒక్కో సాకు చెప్పి ఆలస్యం చేస్తున్నాం. మందు లేకపోతే టీబీ వచ్చినవారిలో దాదాపు సగం మంది చనిపోతారు. ఆరు నెలలు సరిగ్గా మింగితే ఎక్కువమందికి నయమవుతుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల ఇళ్లలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2023లో వచ్చాయి. రోగికే కాక ఇంట్లో వాళ్లకు కూడా బియ్యం, పప్పు ఇచ్చిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం దాదాపు నూటికి నలభై వంతులు తగ్గింది. మన రాగులు, సామలు, కందులు, రాజ్మా అన్నీ సంతకు అమ్మేసి ఇంట్లో వట్టి అన్నం వండుకోవద్దని అందుకే అంటున్నాం. వైద్యం జరిగినన్నాళ్లు తిండి కోసం ప్రభుత్వం నెలకు ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలైంది. ఖాతాలో పడిందో లేదో చదువుకున్న మీరే చూడాలి.

మీ ఊళ్లో మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి ఉన్నా, ఏ వయసైనా, కళ్లె పరీక్షకు తీసుకెళ్లండి. పరీక్ష, మందులు ఉచితం. ఇంట్లో ఒకరికి టీబీ తేలితే అందరికీ పరీక్ష చేయించండి. ముఖ్యంగా ఐదేళ్ల లోపు బిడ్డకు జబ్బు లేకపోయినా, రాకుండా ఇచ్చే మందు గురించి ఏఎన్ఎంను అడగండి. పుట్టిన ప్రతి బిడ్డకూ బీసీజీ పడిందా అని చూడండి. మందు మింగుతున్నవారిని వెలివేయవద్దు, మానేయనివ్వవద్దు.

మా పాప ఆరు నెలలూ మందు మింగింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఈ సంగతి తను చెప్పమంటేనే చెప్పాం. పేరు, ఊరు మాత్రం చెప్పం. ఆ ఏడాది నుంచి మా హాస్టల్లో ప్రతి నెలా బరువులు రాసిన రోజే పాత నెల అంకె పక్కన పెట్టి చదువుతున్నాం. రెండు కిలోలు తగ్గితే ఆ వారంలోనే పీహెచ్‌సీకి తీసుకెళ్తున్నాం. అప్పుడే చేసి ఉంటే ఆ పసివాడు ఈ రోజు మా బడిలో ఉండేవాడేమో.