రెండు రోజుల పేర్లు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్లో మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు తమను తామే తిట్టుకుంటారు. ఇంట్లో చెప్పడానికీ సిగ్గుపడతారు. మోసం ఎలా నడుస్తున్నదో తెలుసుకుంటే, సిగ్గుపడవలసింది వారు కాదని మనమే ఒప్పుకుంటాం.

ఇంటర్నెట్‌లో ప్రతి సైటుకూ ఒక పేరుంటుంది. దాన్ని డొమైన్ అంటారు. కొద్ది డబ్బు కడితే నిమిషాలలో ఎవరికైనా కొత్త పేరు దొరుకుతుంది. మోసగాడు ఉదయం పేరు కొంటాడు. మధ్యాహ్నానికి బ్యాంకు సైటులాంటిది తయారుచేసి వేలమందికి మెసేజీలు పంపుతాడు. ఫిర్యాదులు వెళ్ళి ఆ పేరును ఆపించేసరికి మరో పేరుకు మారిపోతాడు. కొత్త పేరుమీద పాత ఫిర్యాదు ఏదీ ఉండదు గనుక, కాపలా కాసే కంప్యూటర్లు కూడా వెంటనే పట్టుకోలేకపోవచ్చు.

పసిఫిక్ మహాసముద్రంలో టోకెలావ్ అనే చిన్న దీవులున్నాయి. ఆ దీవులకు కేటాయించిన '.టీకే' పేర్లను ఫ్రీనమ్ అనే కంపెనీ ఏళ్ళ తరబడి ఉచితంగా పంచింది. ఊరికే వచ్చేదాన్ని మోసగాళ్ళు వదులుతారా? 2023లో మెటా కంపెనీ అమెరికా కోర్టులో దావా వేసింది. 2024లో ఫ్రీనమ్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ఆ తలుపు మూసుకున్నది గాని, చౌక పేర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

మరి మనమేం చేయాలి? ఉర్దూ చదివేవారికి ఒక సులువైన ఉపాయం ఉంది. సైటు పేరును ఉర్దూలాగే కుడినుంచి ఎడమకు చదవండి. మొదట వచ్చే రెండు ఏటవాలు గీతలు వదిలి, ఆ తర్వాతి గీత దాకా ఉన్నదే పేరు. 'మనబ్యాంకు.కేవైసీటుడే.ఎక్స్‌వైజెడ్' అని ఉన్నదనుకోండి. ఎడమనున్న బ్యాంకు పేరు ఎవరైనా తగిలించుకోవచ్చు. అసలు గుట్టు కుడివైపునే ఉంటుంది.

2025 అక్టోబరు 31లోగా మన బ్యాంకులు '.బ్యాంక్.ఇన్' పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు బ్యాంకులకే ఇస్తారు. '.గవ్.ఇన్' ప్రభుత్వానిది. పేరు చివర ఇవి లేకుండా బ్యాంకు పేరో, సర్కారు పేరో చెబితే నమ్మకండి, నొక్కకండి.

ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. పెద్దలు దాచవద్దు, పిల్లలు ఎగతాళి చేయవద్దు. మోసగాడి పేరు రెండు రోజులదే. మనం దాచిన ప్రతి గంటా వాడికే లాభం.