నీళ్లకు దారి చూపుదాం

 

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. ఇల్లు కట్టడం ఒక ఎత్తు. కట్టిన ఇల్లు నిలుపుకోవడం ఇంకో ఎత్తు. ఈ రోజు ఆ రెండో సంగతి మాట్లాడుకుందాం. ఇంటితో పాటు పెరడు సంగతి కూడా మాట్లాడుకుందాం.

ఇల్లు వేరు, పెరడు వేరు అనుకుంటాం. కాని రెండింటికీ మూలం ఒక్కటే. అదే నీళ్లు. గోడ మొదట్లో నిలిచిన నీళ్లు గోడను కూలుస్తాయి. అవే నీళ్లు చెట్టు మొదట్లోకి పోతే కూర పండుతుంది. నీళ్లకు మనం దారి చూపాలి. చూపకపోతే అవే దారి వెతుక్కుంటాయి.

ఇది చిన్న మాట కాదు. 2021 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా కొత్తపల్లి గ్రామంలో ఒక గోడ కూలింది. వానలకు నానిన గోడ అది. అందరూ నిద్రలో ఉన్నారు. భార్య, భర్త, ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఒకే ఇంట్లో ఐదు ప్రాణాలు పోయాయి.

మట్టి గోడ చెడ్డది కాదు. ఎండకాలం చల్లగా ఉంటది. చలికాలం వెచ్చగా ఉంటది. మట్టి గోడకు శత్రువు ఒక్కటే. అది తడి. చాలా గోడలు కూలే ముందు గుర్తులు చూపిస్తాయి. మనం అక్షరాలు చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు గోడను కూడా చదువుదాం.

గోడను చదువుదాం

రోహిణి కార్తెలో మట్టి బాగా ఎండి ఉంటది. మృగశిర కార్తె రాకముందే ఈ పని చేయాలి. ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. గోడ మొదలు చూడండి. అక్కడ మట్టి రాలుతున్నదా? తెల్లగా ఉప్పు పూసిందా? చెమ్మ ఉన్నదా? ఉంటే అక్కడ నీళ్లు నిలుస్తున్నాయని అర్థం.

గోడకు ఆనించి మట్టి, పెంట, కట్టెలు కుప్ప పోయవద్దు. ఉంటే తీసేయండి. గోడ పక్కన నేల ఎత్తుగా ఉండాలి. బయటికి పోను పోను వాలుగా ఉండాలి. చూరు నీళ్లు పడే చోట చిన్న కాలువ తీయండి. అందులో కంకర రాళ్లు పరవండి. అప్పుడు నీళ్లు చిల్లి గోడ మీద పడవు.

గోడకు పగులు ఉంటే భయపడవద్దు. అట్లని వదిలేయవద్దు. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ బొగ్గుతో గీత గీయండి. పక్కన తేదీ రాయండి. వారం తర్వాత మళ్లీ చూడండి. పగులు గీత దాటిందా? దాటితే గోడ కదులుతున్నట్టు. దాటకపోతే పగులు పూడ్చుకోవచ్చు. చూశారా, చదువు గోడకు కూడా పనికొస్తది!

పూడ్చే పని ఇట్లా చేయాలి. ఎర్రమట్టిని జల్లెడ పట్టాలి. ఒట్టి రేగడి మట్టి వాడవద్దు. అది ఎండితే పగులుతుంది. మట్టిలో కొంచెం ఇసుక, సన్నగా తరిగిన గడ్డి కలపాలి. నీళ్లు పోసి తొక్కాలి. మూడు నాలుగు రోజులు మాగనివ్వాలి. పగులులో వదులు మట్టి గోకి తీయాలి. లోపల నీళ్లు చల్లాలి. తర్వాత ముద్దను లోపలి దాకా కూరాలి. పైన పేడ, మట్టి కలిపి అలకాలి.

మట్టి గోడకు సిమెంటు పూస్తే గట్టిగా ఉంటదని కొందరు అనుకుంటారు. కాని సిమెంటు మట్టిని పట్టుకోదు. లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. లోపల మట్టి నానుతుంది. పైన సిమెంటు పెచ్చులు ఊడుతుంది.

కొన్ని పగుళ్లు మన చేతిలో లేవు. గోడ ఒక పక్కకు ఒరిగితే, నడుమ ఉబ్బితే, పగులు అవతలి పక్కకు కనబడితే, పూత పూసి దాచవద్దు. మేస్త్రీని పిలవాలి. ఆ గోడ పక్కన పిల్లలను పండబెట్టవద్దు. రెండు మూడు రోజులు ముసురు పడితే ఆ ఇంట్లో ఉండవద్దు. చుట్టాల ఇంటికో, ఊరి బడికో పోవాలి. సామాను మళ్లీ కొనుక్కోవచ్చు. ప్రాణం కొనుక్కోలేము.

పైకప్పు

గూనపెంకుల ఇల్లయితే పగటి పూట తలుపులు మూసి పైకి చూడండి. వెలుతురు వచ్చే చోటు నుంచే వాన వస్తది. ఒక్కోసారి నీళ్లు ఒక చోట దిగుతాయి, వాసం మీద జారి ఇంకో చోట కారుతాయి. కారే చోటు నుంచి వాసం వెంట పైకి చూసుకుంటూ పోవాలి. కోతులు కదిలించిన పెంకులు సర్దాలి. పగిలినవి మార్చాలి.

పాలమూరు వైపు మట్టి మిద్దెలు ఉన్నాయి. వానల ముందు మిద్దె మీద గడ్డి, మొక్కలు వేళ్లతో సహా పీకాలి. చవుడు మట్టి పలుచగా పరవాలి. నీళ్లు పోయే గొట్టంలో చెత్త తీయాలి. గొట్టం గోడకు దూరంగా నీళ్లు వదలాలి.

పైకి ఎక్కే పని ఒంటరిగా చేయవద్దు. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టవద్దు. అది విరుగుతుంది. పలక వేసుకొని దాని మీద నడవాలి. ఇంకో మాట. బట్టలు ఆరేసే దండెం ఇనుప తీగతో కట్టవద్దు. కరెంటు వైరు తగిలితే తడి బట్ట వేసిన చెయ్యి షాక్ కొడుతుంది. నైలాన్ తాడు కట్టుకోండి.

నీళ్లను పెరట్లోకి

ఒక లెక్క చేద్దాం. ఇంటి కప్పు పొడవు 20 అడుగులు, వెడల్పు 10 అడుగులు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 185 లీటర్ల నీళ్లు దిగుతాయి. 15 లీటర్ల బిందెలతో కొలిస్తే 12 బిందెలు! ఇవన్నీ గోడ మొదట్లో నిలిస్తే నష్టం. కాలువ తీసి పెరట్లోకి తిప్పితే లాభం.

స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు కూడా అట్లనే తిప్పాలి. దారిలో చిన్న గుంత తీసి కంకర, ఇసుక వేయండి. జిడ్డు అక్కడ ఆగుతుంది. ఈ నీళ్లు అరటికి, బొప్పాయికి, మునగకు పారించాలి. ఆకుకూరల మీద పోయవద్దు. నీళ్లు వారం దాకా నిలిస్తే దోమలు పుడతాయి. అందుకని వారానికి ఒక్కసారి కాలువ, గోలెం ఎండబెట్టాలి.

మళ్లు, పాదులు గోడకు నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి. బీర, ఆనగ, చిక్కుడు తీగలు గోడ మీదికి ఎక్కనివ్వవద్దు. వేరే పందిరి వేయాలి. పుంటికూర, తోటకూర, పాలకూర, టమాట కొంచెం కొంచెం వేయండి. అన్నీ ఒక్క రోజు చల్లవద్దు. పది పదిహేను రోజులకు ఒక మడి చల్లితే కూర తెగకుండా వస్తది.

నల్లా కారితే

నల్లగొండ వాళ్లకు నీళ్ల బాధ చెప్పనవసరం లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎందరి నడుములనో వంచింది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మరగబెడితే అది పోదు. నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. తర్వాత కృష్ణ నీళ్లు నల్లాల్లో వచ్చాయి. తాగడానికి, వంటకు ఆ నీళ్లే వాడాలి. బోరు నీళ్లు బట్టలకు, కడగడానికి ఉంచాలి. పాలు, మునగాకు, ఉసిరి, నిమ్మ తింటే ఎముకలకు మంచిది. కాని అవి మంచి నీళ్లకు బదులు కావు.

అటువంటి నల్లా కారుతుంటే ఊరుకుందామా? రాత్రి కింద గిన్నె పెట్టండి. తెల్లారి ఎన్ని నీళ్లు పోయాయో మీకే తెలుస్తది. చాలాసార్లు లోపలి రబ్బరు వాషరు అరిగి ఉంటది. నీళ్లు రాని వేళ పానాతో నల్లా విప్పి, పాత వాషరు చూపించి అదే కొలతది తెచ్చి వేయాలి. నల్లా చుట్టూ గుంట ఉంటే పూడ్చండి. పైపుకు చిల్లి ఉంటే, నీళ్లు ఆగినప్పుడు గుంటలోని మురికి పైపులోకి గుంజుకుంటది. అదే మన బిందెలోకి వస్తది.

అక్కలారా! పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి కట్టలు కట్టారు, మేడలు కట్టారు. అందులో తట్టలు మోసిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ పని మన చేతులకు కొత్త కాదు. మన ఇంటి కోసం ఒక్క పూట తీద్దాం.

ఇంటికి పోయి మూడు మాటలు రాసుకోండి. మన ఇంటి నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి? ఎటు పోవాలి? ఆ పని ఏ రోజు చేస్తాం? తేదీ తప్పక వేయండి. వచ్చే వారం చదువుల దగ్గర అందరం చదివి వినిపించుకుందాం.

సెలవు.