గేటు దగ్గర కాగే కారు

ఎండాకాలం గుంతకల్లులో రైలు గేటు పడితే మనకే కాదు, పాత మారుతి 800కీ చెమటలు పడతాయి. 2014లో తయారీ ఆగిన బండి మరి! గుత్తి రోడ్డు మీద పరుగెడుతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బండి నిలిచిందా, ఆ పని ఫ్యానుదే. ఆగితే ఎక్కి, కదిలితే దిగే టెంపరేచర్ ముల్లు కనిపిస్తే ముందు ఫ్యానునే అనుమానించండి.

వెంటనే కొత్త మోటారు కొనకండి. ఫ్యూజు చూడండి. తర్వాత మోటారు కప్లర్ ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇవ్వండి. గిర్రున తిరిగితే మోటారు మంచిదే. తప్పు రిలేదో, థర్మో స్విచ్‌దో, మధ్య వైరింగుదో. మూలిగి ఊరుకుంటే మాత్రం కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు, లేదా బేరింగు పట్టేసి ఉండొచ్చు.

మోటారు మార్చే ముందు ఇంజిన్ చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యాలి. రేడియేటర్ రేకులు బహు పల్చన, స్పానర్ తగిలితే వంగిపోతాయి. అడ్డంగా ఓ అట్టముక్క పెట్టుకోండి.

అసలు తిరకాసు వైర్ల దగ్గరే. అటూ ఇటూ తారుమారైతే ఫ్యాను ఉల్టా తిరుగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, బండి మాత్రం కాగుతూనే ఉంటుంది! ఫ్యాను తిరుగుతుండగా ముందు జాలీ దగ్గర ఓ కాగితం పట్టండి. జాలీకి అతుక్కుంటే సరే, ఎగిరిపోతే వైర్లు మార్చండి.

ఇంకొక్క మాట. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు, ముఖం కాలుతుంది.