ఊరి మాట ఊరికి చేరాలి
షోయబుల్లాఖాన్ స్మారకోపన్యాసం



షోయబుల్లాఖాన్ పేరు మీద మాట్లాడమన్నప్పుడు, ఆయన ఏం రాశారన్న దానికంటే ఎవరి మాట అచ్చువేశారన్నది ముందు గుర్తుకొచ్చింది. మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’లో పనిచేసిన షోయబ్, నిజాం ప్రభుత్వం దాన్ని మూయించాక, 1947 నవంబరులో హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ దినపత్రిక పెట్టారు. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలవాలంటూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను, నిజాంకు కొమ్ముకాసే సాయుధ దళమైన రజాకార్ల కళ్లెదుటే ప్రచురించారు. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో ఇంటికి వెళుతుండగా దుండగులు ఆయనపై కాల్పులు జరిపి, చేయి నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు.

ఒక ప్రకటనకు అంత భయం ఎందుకు? ముస్లింలంతా తమ వెంటే ఉన్నారన్నది రజాకార్ల వాదన. కాదంటున్నవారి పేర్లు అచ్చులో కనబడితే, తమలాగే ఆలోచించేవారు ఇంకా ఉన్నారని వేలమందికి తెలిసిపోతుంది. ఒంటరినని అనుకునే మనిషిని భయపెట్టడం తేలిక. తోడున్నారని తెలిసిన మనిషిని లొంగదీయడం కష్టం.

పత్రికలు ప్రభుత్వాన్ని నిలదీయాలంటాం. నిలదీయాల్సిందే. అంతకంటే ముందు చేయాల్సిన పని, ఒక పౌరుడి కష్టాన్ని మరో పౌరుడికి తెలియజేయడం. మన రాజ్యాంగంలో పత్రికాస్వేచ్ఛ గురించి విడిగా అధికరణం లేదు. 19(1)(ఎ) పౌరులందరికీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలోనే అది ఇమిడి ఉంది. పౌరుడికి లేని ప్రత్యేక హక్కు పత్రికకు అవసరం లేదని రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు. అంటే సంపాదకుడు వాడుకుంటున్నది చదువరి హక్కునే.

ఒకరి కష్టాన్ని మరొకరికి తెలిపే ఈ పనికి ఎంత బలముందో నెల్లూరు జిల్లా చూపించింది. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా గురించిన పాఠం చదివారు. దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. కబురు అక్కడే ఆగిపోతే అది ఒక ఊరి గొడవగా మిగిలేది. ‘ఈనాడు’తో పాటు తెలుగు పత్రికలు దాన్ని విస్తృతంగా రాశాయి. అప్పటికే జిల్లా పేజీలు మొదలయ్యాయి, మండలాల్లో విలేకరులు ఉన్నారు. కూలి డబ్బులు సారా పొట్లాలకు పోవడం తన ఖర్మ అనుకున్న ఇల్లాలికి, పక్క మండలంలోనూ పక్క జిల్లాలోనూ అదే కథ అని తెలిసింది. 1992లో సారా వేలం పాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేసినా, రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు ప్రభుత్వాన్ని కదిలించగలరన్న ఎరుకను ఎవరూ రద్దు చేయలేకపోయారు. ఉద్యమాన్ని నడిపింది ఆ మహిళలే. వారిని కలిపింది వార్త.

వార్త కలిపిన ఆ బంధం ఎక్కడ తెగిందో కూడా చెప్పుకోవాలి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చువేశారన్న ఆరోపణలపై ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వేసింది. అందులో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. 2010లో వారిచ్చిన నివేదికను కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో, అది జనం చేతికి వచ్చింది. డబ్బిచ్చినవాడి మాటే అచ్చయ్యేచోట డబ్బులేని ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టలేరు. పెయిడ్ న్యూస్ చేసే అసలు నష్టం అదే.

ఇంకో నష్టం చప్పుడు లేకుండా జరుగుతోంది. జిల్లా పేజీలో వచ్చిన వార్త చాలాసార్లు జిల్లా దాటదు. ఆదిలాబాదు పత్తిరైతు కష్టం గుంటూరు పత్తిరైతుకు కనబడదు. ఆ వార్తలు రాసే మండల విలేకరికి చాలాచోట్ల జీతం లేదు, అచ్చయిన పంక్తులను బట్టి ‘లైన్ అకౌంట్’ లెక్కన వచ్చే కొద్దిపాటి డబ్బే దిక్కు. పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి. ప్రకటన ఇచ్చిన కాంట్రాక్టరు మీద అతను రేపు వార్త ఎలా రాస్తాడు? గ్రామీణ విలేకరికి జీతం ఇవ్వడం, ప్రకటనల పని అతని భుజం మీది నుంచి తీసేయడం యాజమాన్యాలు వెంటనే చేయాలి. నిజమైన వార్తకు అయ్యే ఖర్చులో తన వంతు భరించడానికి చదువరి కూడా సిద్ధపడాలి.

జర్నలిజం విద్యార్థులారా, రేపు మీరు ఏ మండలంలో పనికి కుదిరినా, అధికారి ప్రకటన పంపేముందు ఒక మనిషి కష్టం వినండి. ఆ మనిషి ఒప్పుకుంటే పేరుతో, ఊరితో సహా రాయండి. అదే కష్టం ఇంకెక్కడ ఉందో కనుక్కుని దాని పక్కనే చేర్చండి. ఆ రెండు ఊళ్లూ కలిసి అడిగిన ప్రశ్నను ఏ ప్రభుత్వమూ ఎక్కువకాలం తోసిపుచ్చలేదు.