యోసెఫ్ మెంగెలే: శిక్ష తప్పించుకున్న వైద్యుడు

జీవశాస్త్రంలో కవలల అధ్యయనం గురించి మీరు వినే ఉంటారు. ఒకే ఫలదీకృత అండం నుంచి పుట్టిన సమరూప కవలల్లో జన్యువులు దాదాపు ఒకటే. అందుకే ఒక లక్షణంలో వంశపారంపర్యం పాత్ర ఎంత, పరిసరాల పాత్ర ఎంత అని తెలుసుకోవడానికి కవలలను పోల్చి చూస్తారు. పద్ధతిలో తప్పు లేదు. కానీ దాని పేరుతో ఒకప్పుడు ఏం జరిగిందో గమనించండి.

1911లో జర్మనీలో పుట్టిన యోసెఫ్ మెంగెలే మానవశాస్త్రంలోను, వైద్యంలోను డాక్టరేట్లు పొందాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అతని గురువు ఫెర్షూర్, కవలల అధ్యయనంలో పేరున్న శాస్త్రజ్ఞుడు. 1943 మేలో మెంగెలే, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పోలెండ్‌లోని ఆష్విట్జ్ శిబిరానికి వైద్యుడిగా వెళ్లాడు. రైళ్లలో తెచ్చిన యూదులలో ఎవరిని పనికి పంపాలి, ఎవరిని విషవాయువు గదికి పంపాలి అని నిర్ణయించే వైద్యులలో అతడొకడు. కవల పిల్లలను మాత్రం తన ప్రయోగాల కోసం వేరుచేసేవాడు. వారి శరీరాలను కొలిచాడు, రక్తం తీశాడు. శవపరీక్షలో పోల్చడానికి కొందరిని చంపాడు. శిబిరం నుంచి రక్తపు నమూనాలు, కళ్లు బెర్లిన్‌లో ఫెర్షూర్ నడిపే పరిశోధన సంస్థకు చేరాయి.

1945లో మెంగెలే అమెరికన్ సైన్యానికి చిక్కాడు. హిట్లర్ ఎస్‌ఎస్ దళంలోని వారికి చేతి లోపలివైపు రక్తవర్గం పచ్చబొట్టు ఉండేది. అతనికి అది లేదు. ఎవరో గుర్తించక వదిలేశారు. 1946-47లో నూరెంబర్గ్‌లో 23 మందిపై వైద్య నేరాల విచారణ జరుగుతుంటే, అతడు మారుపేరుతో బవేరియాలో పొలం పనులు చేస్తున్నాడు. 1949లో అర్జెంటీనాకు, తర్వాత పరాగ్వేకు, బ్రెజిల్‌కు పారిపోయాడు. 1979లో బ్రెజిల్ తీరంలో సముద్రంలో మునిగి చనిపోతే, మరొకరి పేరుతో పూడ్చిపెట్టారు. 1985లో ఆ ఎముకలను వెలికితీశారు. 1992లో వాటి డీఎన్‌ఏను మెంగెలే కుమారుని రక్తంతో పోల్చి, అవి అతనివేనని తేల్చారు. వంశపారంపర్యాన్ని అధ్యయనం చేస్తున్నానన్న మనిషిని వంశపారంపర్యమే పట్టిచ్చింది. అప్పటికి శిక్షించడానికి ఎవరూ మిగల్లేదు.

మరి గురువు సంగతి? ఫెర్షూర్ 1951లో మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో మానవ జన్యుశాస్త్ర ఆచార్యుడయ్యాడు. కాబట్టి మెంగెలేను ఒంటరి పిచ్చివాడిగా చూడడం సరికాదు. అతని వెనుక చదువు, సంస్థ, గురువు ఉన్నాయి. లేనిది ఒక్కటే: ఆ పిల్లల సమ్మతి.

నూరెంబర్గ్ తీర్పులో ప్రకటించిన పది సూత్రాలలో మొదటిది ఇదే: మనిషి ఇష్టపూర్వకంగా ఒప్పుకోనిదే అతనిపై ప్రయోగం చేయరాదు. రేపు ఏదైనా కొత్త మందు పరీక్షకు మీ ముందు అంగీకార పత్రం పెడితే, తొందరపడి సంతకం చేయకండి. చదవండి, అడగండి. వద్దనే హక్కు మీకుంది.