నదీ డాల్ఫినులు



బ్రెజిల్ దేశమున అమెజానుకు ఉపనదియగు రియో నెగ్రోలో గులాబివన్నె డాల్ఫినులు కలవు. కుళ్ళిన ఆకుల రసముచే ఆ నదీజలము తేనీటి డికాషనువలె నుండును. అందు మేము దిగితిమి. ఎనిమిది అడుగుల వరకు పెరుగు ఆ ప్రాణి మెడ త్రిప్పి చూచి, మా ప్రక్కగా సాగిపోయినది. ఛాయాచిత్రము తీయబోగా తల తేలినంతనే మునిగెను. మాకు దక్కినవి అలలే!

చేపను చూపినచో దగ్గరకు వచ్చునని తోడివారనిరి. మేము వలదంటిమి. చేతిమేత మరిగిన ప్రాణి మనుష్యుని చూచి బెదరదు. బెదరకుండుటయే దానికి ముప్పు. ఏలయన, పిరకతింగ యను చేపకు ఎరగా వాడుటకై అచ్చట డాల్ఫినులను చంపుచుండిరి. అందుచే బ్రెజిల్ ప్రభుత్వము 2015లో ఆ చేపల వేటను నిషేధించెను. 2023లో మరియొక ఆపద వచ్చినది. అనావృష్టిచే తెఫె సరస్సు నీరు 39 డిగ్రీలకు వేడెక్కగా, నూటయేబదికి పైగా డాల్ఫినులు మరణించినవి.

మన గంగానదిలోను డాల్ఫిను కలదు. దానికి చూపు దాదాపు లేదు. తన ధ్వని యొక్క ప్రతిధ్వనిచే దారి తెలిసికొనును. 2009లో దానిని జాతీయ జలచరముగా ప్రకటించిరి. వలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. కావున చిక్కినదానిని వెంటనే విడువవలెను. దానిని చూచి ఆనందించుటకు ఒడ్డు చాలును.